శ్రీకాంత్ వీపు నేలకు ఆనిన సంగతి

హాంబర్గ్,
ఆదివారం, వాన.

పూజ్యుడైన అన్న లింబాద్రి పహిల్వాన్‌కు, వదినకు, తమ్ముడు గంగాధర్ పాదాలకు మొక్కి రాసుకునేది. ఇక్కడ నేను, కూతురు సుజాత, మనవరాలు అన్వి అందరం బాగానే ఉన్నాం. అక్కడ మీరంతా బాగున్నారని తలుస్తున్నాను. కంటి ఆపరేషన్ అయ్యాక వదినకు చుక్కల మందు మానకుండా వేస్తున్నావా? వేస్తున్నానని నువ్వంటావు, వేయడం లేదని వదిన అంటుంది. ఇంత దూరం నుంచి అది తేల్చడం నా వల్ల కాదు. ఈ ఉత్తరంలో నేను తేల్చగలిగింది ఏదీ లేదని ముందే చెప్పుకుంటే నాకూ నీకూ మంచిది.

ఫోనుండగా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోన్‌లో శ్రీకాంత్ పేరెత్తగానే నువ్వు పెట్టేస్తున్నావు. ఉత్తరాన్నీ విసిరి పడేస్తావని తెలుసు. కానీ విసిరేసిన కాగితం ఇంట్లోనే పడి ఉంటుంది, మళ్ళీ తీసి చదవచ్చు. నువ్వు తీయకపోతే వదిన తీస్తుంది. వదినా, ఇక్కడి నుంచి కొంచెం గట్టిగా చదువు.

ముందు మా సంగతులు. ఇక్కడ వాన పైనుంచి పడదు, పక్కనుంచి వస్తుంది. గొడుగు మనం పట్టుకున్నామో, గొడుగే మనల్ని పట్టుకుని పోతోందో తెలియదు. తిండికి లోటు లేదు, దిగులు పడకండి. జొన్నపిండి కూడా దొరుకుతోంది. సుజాత రొట్టె తడుతుంది గానీ అది హిందూ మహాసముద్రంలో ద్వీపంలా ఒక పక్కకు సాగుతుంది. నేను తినేస్తాను. పగలు సుజాత తలుపు వేసుకుని గదిలోనే ఆఫీసు చేస్తుంది. ఇంట్లో మనిషి ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. మన చౌరస్తాలో నా సైకిల్ దుకాణం ముందు కూర్చుంటే గాలి కొట్టించుకోనివాడు కూడా ఆగి ఒక కబురు చెప్పి పోయేవాడు. ఇక్కడ మధ్యాహ్నం అన్విని కీటా నుంచి, అంటే వీళ్ళ బాలవాడి నుంచి, తీసుకురావడం నా ఉద్యోగం. నేను తెలుగులో అడుగుతాను, అది జర్మన్‌లో జవాబు చెబుతుంది, చేతులు పట్టుకుని ఇంటికొస్తాం. ఇంతవరకు గొడవ రాలేదు.

ఇక నువ్వు అప్పజెప్పిన పని.

మన కుస్తీ తాలీం దగ్గర చాయ్ తాగుతుంటే ఎవడో ఫోన్‌లో నీకు ఆ వీడియో చూపించాడు. నీ కొడుకు శ్రీకాంత్ వెల్లకిలా పడి ఉన్నాడు, ఒక తెల్లోడు వాడి ఛాతీ మీద కాలు పెట్టి నిలబడ్డాడు. ఆ రోజు నుంచి నువ్వు వాడి ఫోన్ ఎత్తడం లేదు. వాడు ప్రతి ఆదివారం చేస్తున్నాడు, అది మోగి మోగి ఆగిపోతోంది. నాకు మాత్రం ఫోన్ చేసి హుకుం ఇచ్చావు. నీ మాటలు నాకు బాగా గుర్తున్నాయి.

"గంగాధర్, నువ్వు పోయి నీ కండ్లతోని చూడు. వాడు నిజంగ ఓడుతుండా, ఒప్పుకొని ఓడుతుండా, ఖరారు చేసి చెప్పు. నిజంగ ఓడితే ఫోన్ ఎత్తుత. ఒప్పుకొని ఓడితే నాకు కొడుకు లేడు."

నీకా మాట అనే హక్కు ఉంది. జాతర కుస్తీలో దొర మనిషి వచ్చి, మా పహిల్వాన్ కింద పడిపో అని నీ చెవిలో చెప్పిన రోజు నేను గోడ మీద కూర్చుని చూస్తున్నాను. నువ్వు ఆ పహిల్వాన్‌ను ఎత్తి కుదేసి, వెండి కడెం కూడా తీసుకోకుండా బట్టలు చంకన పెట్టుకుని వచ్చేశావు. తర్వాత ఆ జాతరకు మనల్ని ఎవరూ పిలవలేదు. నాకు కొబ్బరికాయ కుస్తీలో గెలిచే అవకాశం కూడా దానితో పోయింది. పిల్లల కుస్తీ కదా, గెలిస్తే కొబ్బరికాయ ఇచ్చేవాళ్ళు. ఆ కొబ్బరికాయ మీద నాకు ఇప్పటికీ ఆశ ఉంది, అది వేరే సంగతి.

శ్రీకాంత్ వారమంతా ఇక్కడ ఓడరేవు సరుకుల కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. బ్లూ కార్డ్ మీద, అంటే ఇక్కడ పనిచేసుకుని ఉండనిచ్చే కాగితం మీద, ఉన్నాడు. శని ఆదివారాలు ఈ కుస్తీ. అందులో వాడి పేరు రాజా. వాడి శత్రువు పేరు యెన్స్, పూర్వం రేవులో మూటలు దింపినవాడు, వయసు నలభై దాటింది, ఈ ఊరివాళ్ళకు ముద్దుబిడ్డ. వీళ్ళ పగ ఎలా మొదలైందో సుజాత నాకు నాలుగైదు సార్లు చెప్పింది, ప్రతిసారీ మధ్యలో దారి తప్పాను. మొదట ఇద్దరూ జంటగా ఆడేవాళ్ళట, అన్నదమ్ముల్లాగా. చలికాలంలో ఒకరోజు రాజా వెనకనుంచి కుర్చీతో యెన్స్‌ను కొట్టి, నడుముకు కట్టే గెలుపు పట్టా ఎత్తుకుపోయాడు. పైగా మైకు పట్టుకుని, మీ రేవు చేపల కంపు, మీ బీరు ఉత్త నీళ్ళు అన్నాడట. అన్నా, మన శ్రీకాంత్ బీరు ముట్టడు. ముట్టనివాడికి అది నీళ్ళని ఎలా తెలుసో ఒక్కరూ అడగలేదు.

ఈ పగ పెరిగి పెరిగి ఒక పెద్ద పోటీ దగ్గరికి వచ్చింది. హాలుకు రాలేనివాళ్ళు ఆ ఒక్క సాయంత్రానికి డబ్బు కట్టి టీవీలో చూస్తారట. దాని పోస్టర్ రైల్వే స్టేషన్‌లో చూశాను. ఒక పక్క యెన్స్, ఒక పక్క మీసం తిప్పుతూ నీ కొడుకు, కింద పెద్ద అక్షరాలు. డాయిష్‌లాండ్ అనే ముక్క వరకు నేను చదవగలను. మిగతాది సుజాత చదివి పెట్టింది. ఓడినవాడు జర్మనీ వదిలి వెళ్ళిపోవాలి.

నేను నిజమేననుకున్నాను. ఇక్కడ మనవాళ్ళు నలుగురు కలిస్తే మాట్లాడేది ఒకటే, కార్డ్ వచ్చిందా, టెర్మిన్ దొరికిందా, అంటే ఆఫీసువాళ్ళు ఫలానా రోజు రమ్మన్నారా అని. కార్డ్ పోతే ఇల్లు పోతుంది, ఇల్లు పోతే అన్నీ పోతాయి. అలాంటి దేశంలో, అంత పెద్ద అక్షరాలతో, స్టేషన్ గోడ మీద అంటించి మరీ చెబితే నమ్మక ఏం చేస్తాం? ఆ గోడ మీద రాసిన రైలు వేళలు నిజం, సిగరెట్ తాగవద్దన్నది నిజం, ఇదొక్కటే అబద్ధమని నాకెలా తెలుస్తుంది?

సుజాత నవ్వి, "నాన్నా, అది ఆట మాట, కార్డుకు దానికి సంబంధం లేదు" అంది. ఆమె కూడా ఆ మాట అన్నాక కాసేపు ఫోన్‌లో ఏదో వెతకడం నేను చూశాను.

మర్నాడే శ్రీకాంత్ గదికి పోయాను. పోయి ఏమని చెప్పానో తెలుసా? ఓడకురా అని. చెప్పాక నాకే సిగ్గేసింది, అచ్చం నీ గొంతులా వినిపించింది. వాడు నాకు చాయ్ పెట్టి ఇచ్చి నవ్వాడు.

"ఓడేది నేనే చిన్నాయినా. పోయిన నెలల్నే ఖరారైంది."

"మరి దేశం వదిలి పోవాల్నా?"

"నేనెందుకు పోత? రాజా పోతడు. నేను సోమారం ఆఫీసుకు పోత."

ఆ రోజే నీకు రాసి ఉంటే పని అయిపోయేది. ఒప్పుకుని ఓడుతున్నాడు, నీకు కొడుకు లేడు, ఇట్లు. కానీ నీ కండ్లతో చూడమన్నావు కదా. చూడకుండా ఎలా రాస్తాను? అదీగాక చాయ్‌లో వాడు యాలకులు వేశాడు, మన ఇంట్లో వేసినట్టు. ఉత్తరం వాయిదా వేశాను.

పోటీ రోజు సుజాత, నేను వెళ్ళాం. ఈ ఊళ్ళోనే హార్బుర్గ్ అనే పేట వైపు పాత గోదాం లాంటి హాలు. నువ్వు అడుగుతావని మొదట నేల చూశాను. మట్టి లేదన్నా. చెక్కల మీద మెత్త, మెత్త మీద గుడ్డ, చుట్టూ తాళ్ళు. నూనె లేదు, పసుపు లేదు, డప్పు లేదు. డప్పుకు బదులు గుండె అదిరే పాట. నా పక్క కుర్చీలో ఒక ముసలమ్మ కూర్చుంది. నాకంటే పెద్దదే, తెల్లజుట్టు, ఒళ్ళో టోపీ, చేతిలో ఉప్పురొట్టె. ఎంత సాధువుగా ఉందో, వదిన గుర్తొచ్చింది.

శ్రీకాంత్ రాగానే ఆ సాధువు లేచి నిలబడి వాణ్ణి తిట్టడం మొదలుపెట్టింది. ఆమె ఒక్కతే కాదు, హాలు హాలంతా. చేతులు ఊపుతూ, ఇంటికి పో, ఇంటికి పో అని అరుస్తున్నారు. సుజాత మొహం చూశాను. ఆమె నవ్వడం లేదు. ఈ అరుపు ఈ దేశంలో రెండు రకాలుగా ఉంటుందని ఆమెకు తెలుసు, రైల్లో ఒకసారి ఇంకో రకంగా విన్నది. ఇది ఏ రకమో నాకు అర్థం కాలేదు. నీ కొడుకు మాత్రం చెవి దగ్గర చెయ్యి పెట్టి, ఇంకా గట్టిగా అరవండని సైగ చేశాడు. మీసం తిప్పాడు. పెళ్ళి ఊరేగింపులో పెళ్ళికొడుకులా ఉన్నాడు.

నాకు ఆగలేదు. ముసలమ్మ భుజం తట్టి, వచ్చిన నాలుగు జర్మన్ ముక్కల్లో, వాడు మా అన్న కొడుకు అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. సుజాత తెలుగు చేసి చెప్పింది. ఇంత మంచి దుర్మార్గుడు ఈ ఊరికి ఎప్పుడూ రాలేదు, వాడి అమ్మానాన్నలు ఎంత అదృష్టవంతులో అన్నదట. ఉప్పురొట్టె సగం విరిచి నాకిచ్చి, మళ్ళీ లేచి వాడి వంశాన్ని తిట్టడం మొదలుపెట్టింది. మన వంశమే కదా. రొట్టె తింటూ విన్నాను.

ఆట మొదలైంది. ఏం రాయమంటావు? యెన్స్ వీడిని తాళ్ళ మీదికి విసిరాడు. వీడు గాల్లో తిరిగి పడ్డాడు. పడిన శబ్దానికి నేను కళ్ళు మూసుకున్నాను. తర్వాత కళ్ళు తెరిచి, నీ దగ్గర కూర్చుని నేర్చుకున్న కంటితో చూశాను. ఒక సంగతి కనిపించింది. పడేవాడే పట్టు పట్టి ఉంచుతున్నాడు. ఎత్తినవాడి నడుము మీద బరువు పడకుండా తనే ఎగురుతున్నాడు. శ్రీకాంత్ యెన్స్‌ను ఎత్తినప్పుడు, నువ్వు నేర్పిన ఆ చాకలి పట్టే, భుజం మీదుగా తిప్పి వేసేది, చివర్లో చెయ్యి కింద పెట్టి నిండుకుండను దించినట్టు దించాడు. హాలంతా అయ్యో అంది. ఇది కుస్తీయా అంటే కాదు. కుస్తీ రానివాడు చేయగలడా అంటే చేయలేడు.

తర్వాత జరిగింది జరిగినట్టు రాస్తాను, ఒక్క ముక్క కలపను.

యెన్స్ తాడు మీది నుంచి దూకాడు. దిగడంలో మోకాలు పక్కకు పోయింది. పడ్డాడు. జనం ఇంకా అరుస్తూనే ఉన్నారు, ఇదీ ఆటేనని. నేనూ అలాగే అనుకున్నాను. కానీ నా పక్క ముసలమ్మ గొంతు ఆగిపోయింది. అంతసేపు ఊపిరి తీసుకోకుండా తిట్టిన మనిషి కూర్చుంది. నోట్లో రొట్టె నమలడం కూడా ఆపేసింది. అప్పుడు నాకు తెలిసింది, ఇది ఆట కాదు.

యెన్స్ లేవలేకపోతున్నాడు. రెఫరీ వంగి మొదట అతనితో, తర్వాత శ్రీకాంత్‌తో ఏదో గొణిగాడు. శ్రీకాంత్ తల అడ్డంగా ఊపాడు. ఊపి, యెన్స్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, అరచెయ్యి నేలకు రాసి, ఆ చెయ్యి యెన్స్ భుజానికి రాశాడు.

అన్నా, నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మన తాలీంలో అవతలివాడికి నిజంగా దెబ్బ తగిలితే మట్టి తీసి వాడి భుజానికి రాయమని నువ్వు పిల్లలందరికీ నేర్పావు. కుస్తీ ఆగింది, ఇక నా చెయ్యి నిన్ను ఏమీ చేయదు అని చెప్పడానికి. అక్కడ మట్టి లేదు. వాడి చేతికి అంటింది ఏమీ లేదు. హాలులో జనం, వీడు కాలి దుమ్ము పూస్తున్నాడనుకుని ఇంకా తిట్టారు. తెలిసినవాళ్ళం అంత మందిలో ఇద్దరమే, నేనూ యెన్సూ. శ్రీకాంత్ అతనికి సాధనలో ఎప్పుడో నేర్పాడట. చెయ్యి భుజానికి తగలగానే అతని ఒళ్ళు వదులవడం నేను చూశాను.

తర్వాత శ్రీకాంత్ అతన్ని ఎత్తబోయినట్టు వంగి, తన కాలు తనే జార్చుకుని, యెన్స్‌ను మీదికి లాక్కుని వెనక్కి పడ్డాడు. వీపు రెండు వైపులా నేలకు ఆనింది. యెన్స్ చెయ్యి వీడి ఛాతీ మీద పడింది, పడిందో వీడే పెట్టుకున్నాడో. రెఫరీ నేల మీద చరిచాడు. హాలు ఊగిపోయింది. నీ కొడుకు ఓడిపోయాడు, జర్మనీ వదిలి వెళ్ళాలి. జనం చేతిరుమాళ్ళు ఊపి సాగనంపారు. వాడు ఏడ్చుకుంటూ పోయాడు. ఆ ఏడుపు ఏ రకమో దయచేసి నన్ను అడగకు.

ఆట అయ్యాక వెనక తలుపు దగ్గరికి పోయాం. అక్కడ యెన్స్ ఒక బల్ల మీద కాలు చాపుకుని ఉన్నాడు. పగవాడు వంగి మోకాలికి మంచుగడ్డ కట్టు కడుతున్నాడు. ఆ ముసలమ్మ పక్కన నిలబడి, ఈ చలిలో చొక్కా లేకుండా ఏమిటని శ్రీకాంత్‌ను కోప్పడుతోంది. ఆమె యెన్స్ తల్లి. ఆటంతా నన్ను ఆమె పక్కనే కూర్చోబెట్టారన్నమాట.

శ్రీకాంత్‌ను పక్కకు పిలిచి అడిగాను, రెఫరీ చెవిలో ఏమన్నాడని.

"నువ్వే గెలిచి ముగించుమన్నడు. ఆయన లేవలేడు, ఖరారైంది మార్చుదాం అన్నడు."

"మరి గెలవకపోయినవ్?"

"నేను గెలిస్తే యెన్స్ ఊరిడిసి పోవాలె గద చిన్నాయినా. ఆయనకు ఈ ఊరు తప్ప ఇంకోటి లేదు. అదీ వాళ్ళమ్మ ముంగట."

"పోవుడు అబద్ధమే కదరా?"

"అబద్ధమే. ఆడినంక నిలబెట్టుకోవాలె గద."

ఆ తర్వాత వాడు, యెన్స్, ఆ తల్లి ఒకే కారులో ఎక్కి ఆసుపత్రికి పోయారు. కారు నడిపింది నీ కొడుకు.

ఇప్పుడు చెప్పు, నీ హుకుం ప్రకారం ఖరారు ఎలా చేయను? ఓడిపోతానని ఒప్పుకున్నాడు, నిజం. కానీ ఆ ఒప్పందం మధ్యలో తెగిపోయింది. గెలవమన్నారు. గెలిచి ఉంటే అబద్ధంగా గెలిచేవాడు. ఓడాడు, మరి అది నిజంగా ఓడడమేనా? పడుకుని ఆలోచిస్తుంటే నాకే ముడి పడుతోంది. నిన్ను ఓడమన్నారు, నువ్వు ఓడలేదు. వాణ్ణి గెలవమన్నారు, వాడు గెలవలేదు. ఈ రెండూ ఒక ఇంటి పనిలాగే కనిపిస్తున్నాయి నాకు. సైకిల్ పంక్చర్లు వేసినవాణ్ణి, తప్పయితే కొట్టేయి.

పగ విషయం కూడా ఒకటి అడుగుతాను, కోపగించకు. వీళ్ళిద్దరూ చలికాలం నుంచి పగ నడిపారు, అందరి ముందు, మైకులో. మోకాలు పోగానే ఒక్క చేతి తుడుపుతో ఆపేశారు. నీ పగకు ఏ మోకాలు పోవాలి?

చిన్న కోరికలు కొన్ని. మన ఊరి పసుపు ఒక డబ్బా పంపించు, కొమ్ములు దంచిందే. యెన్స్ మోకాలికి పట్టు వేస్తానని శ్రీకాంత్ ఆ ముసలమ్మకు మాటిచ్చాడు, ఆమె రోజూ అడుగుతోందట. సుజాతకు వదిన చేతి మిరపకాయ తొక్కు. అన్వికి ఏమీ వద్దు, అది తెలుగులో ఏదైనా అడిగిన రోజు రాస్తాను. నా ఆరోగ్యం బాగుంది, మళ్ళీ చెబుతున్నాను, బాగుంది. చలికి ఉన్ని టోపీ ఉంది.

మరొక్క సంగతి. దీని కోసమే ఇంత రాశాను, రాయడానికి ఇంత దూరం తిరగాల్సి వచ్చింది. రాజా దేశం వదిలాడు కదా, వాడు ఇక ఆ పేరుతో రాకూడదు. కొన్నాళ్ళకు ముసుగు వేసుకుని కొత్త మనిషిగా వస్తాడట. జనానికి వాడేనని తెలుస్తుంది, తెలియనట్టు ఉంటారట. ఎందుకని అడిగితే సుజాత కూడా చెప్పలేకపోయింది. కొత్త పేరు ఏం కావాలని కంపెనీవాళ్ళు అడిగితే శ్రీకాంత్ ఒక్కటే పేరు రాసిచ్చాడు. లింబాద్రి. యెన్స్ తల్లి అప్పుడే తిట్టడానికి పలకడం నేర్చుకుంటోంది. మొదటి అక్షరం వచ్చింది, మిగతాది నాలుక మడతపడుతోంది.

కానీ నిన్ను అడగకుండా ఆ పేరు పోస్టర్ మీద వేయవద్దని ఆపి ఉంచాడు. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తున్నది ఇప్పుడు అందుకే. పేరు ఇమ్మని అడగడానికే కాదు. ఆ పేరు పెట్టుకున్నాక, పడాల్సి వచ్చిన రోజు, ఆ పేరుతో వీపు నేలకు ఆనించవచ్చా, ఆనించకూడదా అని వాడు నిన్ను అడగాలట. నాకు తెలియదన్నాను. అది నువ్వొక్కడివే చెప్పగలిగింది.

పెద్దలందరికీ నా దండాలు, తాలీంలో పిల్లలకు దీవెనలు. నీ చెయ్యి ఒకసారి ఈ ఉత్తరం మీద పెట్టు, నా తల మీద పెట్టినట్టే అనుకుంటాను.

నీ తమ్ముడు,
గంగాధర్

ఇది చేరేసరికి ఏదో ఒక ఆదివారం దగ్గర్లోనే ఉంటుంది. సాయంత్రం మోగుతుంది.